నాలుక కోసం నా త్యాగం

మార్చి 3, సోమవారం
ఉ. 6.10: ఇవాళ్టి నుంచి సిగరెట్ బంద్. కారణం ఆరోగ్యం కాదు, అంత తెలివి నాకు లేదు. టీ కంపెనీలో రుచి చూసే ఉద్యోగం నాది. పోయిన వారం బూజు పట్టిన పొడికి ‘అమోఘం’ అని రాసి సంతకం పెట్టాను. మేనేజర్ రెండు వారాలు గడువిచ్చాడు. ఈలోగా నాలుక బాగుపడకపోతే ప్యాకింగ్ సెక్షనుకు పంపుతాడట.
6.40: పెట్టె, లైటరు చెత్తబుట్టలో పడేశాను. మా ఆవిడ చూసి, “ఆరంభ శూరత్వం కాదు కదా?” అంది. నా సంకల్పబలం ఆవిడకేం తెలుసు.
6.55: లైటరు వెనక్కి తీశాను. పొయ్యి వెలిగించడానికి పనికొస్తుంది.

మార్చి 4
సిగరెట్ గుర్తొచ్చిన సార్లు: 41.
నేను కసిరినవాళ్లు: మా ఆవిడ, లిఫ్టు, అద్దంలో ఒకడు.
నోరు ఊరుకోక లవంగాలు నమిలి ఆఫీసుకెళ్లాను. పదహారు రకాల టీల్లోనూ లవంగం రుచే.

మార్చి 8, శనివారం
నాలుక తిరిగొచ్చింది! చెంచాడు జుర్రి ఉమ్మేలోపే పట్టేశాను. రెండో కోత ఆకు, ఆరబెట్టేటప్పుడు కాస్త మాడింది. తోటవాళ్లకు ఫోన్ చేసి అడిగితే, అక్షరాలా నిజమేనట. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లూ ఇదంతా వదులుకున్నానా అని దిగులేసింది.

మార్చి 11
మా కంపెనీకి పేరు తెచ్చిన టీ రుచి చూశాను. తడి గోనెసంచి ఉడకబెట్టినట్టుంది. ఏ మహానుభావుడు కలిపాడా అని ఫైలు తెప్పించాను. నేనే. పదకొండేళ్ల కిందట, రోజుకు ఇరవై కాల్చే నాలుకతో.
పనికిరాదని రాసేశాను. సాయంత్రం మేనేజర్ పిలిచాడు. “గురువుగారూ, జనం అదే బాగుందంటున్నారు. కొత్త సరుక్కి ఆ పాత రుచే రావాలి. వచ్చిందో లేదో మీరే తేల్చండి.”

మార్చి 13
పాత రుచి తేల్చాలంటే పాత నాలుక కావాలి. కాబట్టి ఒక్కటి. ఇది సిగరెట్ కాదు, డ్యూటీ.
10.20: గోడ వెనక డ్యూటీ చేశాను.
10.45: నాలుక ఇంకా నిజాలే చెబుతోంది. మరో రెండు.

మార్చి 14
డ్యూటీలు: 17. టీ అమోఘం. సంతకం పెట్టాను. మేనేజర్ భుజం తట్టాడు. ప్యాకింగ్ గండం గడిచింది. పొగ తాగి ఉద్యోగం నిలబెట్టుకున్నవాణ్ణి లోకంలో నేనొక్కణ్ణే అయ్యుంటాను.

మార్చి 16, ఆదివారం
ఉ. 7.00: మా ఆవిడ టీ ఇచ్చింది. జుర్రి, “మొదటి కోత పొడి కదూ?” అన్నాను పండితుడిలా.
“నిన్న రెండుసార్లు మరిగించిన పొడి అది. మీ చొక్కా జేబులో పెట్టె కనిపించింది, అందుకే ఇచ్చి చూశా” అంది. కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది.
“మొన్న నాలుగు రోజులు నా వంట రుచి తెలిసి తిన్నారు. పెళ్లయిన ఇరవై ఏళ్లలో అదే మొదలు” అని కప్పు తీసుకుని లోపలికి వెళ్లింది.
7.30: ఇవాళ్టి నుంచి సిగరెట్ బంద్. ఆఫీసు వాళ్లకు ఏ నాలుక కావాలో వాళ్లే వెతుక్కోవాలి. మధ్యాహ్నం ఆవిడ ఏం వండిందో నాకు తెలియాలి. భోజనానికి ఇంకా అయిదు గంటలున్నాయి. అంతవరకు ఎలా గడపాలో ఇంకా ఆలోచించలేదు.