చిన్న దండెం

శనివారం

చెల్లీ, నా బంగారుతల్లీ,

నీ దగ్గు తగ్గిందనుకుంటాను. ఈ ఉత్తరం సంగతి నా తమ్ముడికి, అదే మీ అన్నయ్యకు చెప్పకు. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు. అయినా నీకు తప్ప ఇంకెవరికి రాసుకోను?

రేపు ఫుట్‌బాల్ ఫైనల్. పోయినేడు అట్టడుగున ఉన్న జట్టు, మీ అన్నయ్య కోచ్‌గా తిరిగొచ్చిన ఏడాదికే ఇక్కడిదాకా వచ్చింది. ఊరంతా వాడి పాటే. "ఏ ఆటగాడికి ఎప్పుడు విశ్రాంతి ఇవ్వాలో ఈయనకు డాక్టరు కంటే ముందే తెలుస్తుంది" అని పేపర్లో రాశారు. ఆ పేపరు మడిచి సబ్బు డబ్బా కింద వేసుకున్నాను.

నన్నందరూ శాంతమూర్తి అంటారు. పొద్దున్నే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకునే మనిషికి కోపతాపాలేమిటంటారు. నిజం రాస్తున్నాను. నాకు వాడంటే అసూయ. ఇవాళ్టిది కాదు, నలభై ఏళ్ళది.

నువ్వప్పుడు చంకపిల్లవి. ఇంటి వెనక గోడకి గురిచూసి బంతి కొట్టడం వాడికి నేర్పింది నేను. నాకు పదహారు, వాడికి తొమ్మిది. క్లబ్బు పెద్దాయన ఒకరోజు ఆ సందులో నిలబడి అరగంట చూశాడు. ఇద్దరినీ చూశాడు. వాణ్ణి తీసుకెళ్ళాడు. అమ్మ నా చేతికి బకెట్ ఇచ్చింది. వాడు పెద్ద ఆటగాడయ్యాక, వాడి మాట మీద అదే క్లబ్బులో నాకు బట్టలుతికే పని ఇచ్చారు. నా అదృష్టమన్నారు. నేనూ అవునన్నాను.

ఆడే రోజుల్లో మ్యాచ్ అయ్యాక వాడు నా గదికొచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. బట్టలు చూసి నేను చెప్పేదాన్ని: ఫలానావాడి చొక్కా తడవలేదు, పరిగెత్తడం లేదు. ఫలానావాడి మేజోడు ఒకపక్కే అరిగింది, కాలినొప్పి దాస్తున్నాడు. ఇప్పుడు వాడు కోచ్ గారు. మ్యాచ్ రోజు పొద్దున తలుపు దాకా వస్తాడు, అక్కడి కుళాయి నీళ్ళు తాగుతాడు, అటూ ఇటూ చూసి వెళ్ళిపోతాడు. "తిన్నావా అక్కా" అన్న మాట కూడా ఉండదు. ఆట మానేసి పదేళ్ళు ఖాళీగా తిరిగినప్పుడు రోజూ మా ఇంట్లోనే భోంచేసేవాడు. అప్పుడు వాడికి వడ్డిస్తుంటే నాకు హాయిగా ఉండేది, చెల్లీ. ఈ వాక్యం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది.

జట్టులో గాలిపటం అని పిలిచే ఆటగాడు ఉన్నాడు కదా, గోల్స్ అన్నీ అతనివే. ఇవాళ అతని నిక్కరు ఉతికాను. ఎడమ తొడ దగ్గర, లోపలివైపు, టేపు జిగురు. డాక్టరుకి తెలియకుండా తొడకి టేపు చుట్టుకుని ఆడుతున్నాడన్నమాట. రేపు ఒక్క పరుగు గట్టిగా తీస్తే కండ తెగుతుంది. మెషీన్ వేడి తగిలితే జిగురు మరక నిలిచిపోతుంది కాబట్టి చేత్తో రుద్ది, దెబ్బల మందు, రక్తం మరకలున్న బట్టలు ఎప్పుడూ వేసేచోటే, తలుపు పక్కన చిన్న దండెం మీద ఆరేశాను.

ఎవరికీ చెప్పలేదు. చెప్పను. అడగనివాడికి చెప్పడమెందుకు? సాయంత్రం ప్రార్థనలో మొదటిసారి వాడి ఓటమి అడిగాను. రేపటితో ఈ పని మానేసి నీ దగ్గరికి వచ్చేస్తాను. నాకో పక్క సర్ది ఉంచు.

అక్క

మంగళవారం

చెల్లీ,

పక్క సర్దకు. నేను రావడం లేదు.

ఆదివారం ఆటకు ముందు పేర్లు చదివారు. గాలిపటం పేరు లేదు. జనం గోలగోల చేశారు. క్లబ్బు అధ్యక్షుడు అందరి ముందూ మీ అన్నయ్య మీద కేకలేశాడు. వాడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, పేర్లు మాత్రం మార్చలేదు. ఒక్క గోల్ తేడాతో గెలిచారు. ఆ తర్వాత డాక్టరు చూస్తే గాలిపటం తొడ కండ అప్పటికే సగం చిట్లి ఉంది. ఆడి ఉంటే ఆ కాలు మళ్ళీ ఆటకి పనికొచ్చేది కాదట.

నాకు సంతోషం కలగలేదు. వాడికి ఎవరు చెప్పారు? బట్టలు చూసి మనిషి సంగతి చెప్పగలిగేవాళ్ళు నేను కాక ఇంకొకరు ఉన్నారా? గెలుపు కంటే ఆ అనుమానమే నన్ను ఎక్కువ కాల్చింది.

జనం వెళ్ళాక వాడొచ్చాడు. బురద చొక్కాల గుట్ట పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"గాలిపటం సంగతి నీకెవరు చెప్పార్రా?" అన్నాను.

"నువ్వే."

"నేను నోరు విప్పలేదు."

"నేను కోచ్‌నయ్యాక నువ్వెప్పుడు విప్పావు గనక? ఏడాదంతా ఈ చిన్న దండెమే చూస్తున్నా. ఎవరి బట్ట నువ్వు చేత్తో ఉతికితే వాడికి ఆ రోజు విశ్రాంతి. పేపరువాళ్ళు నా కళ్ళు గొప్పవంటున్నారు."

"అడగొచ్చుగా మరి."

వాడు వంగి బూటు తాడు విప్పుకున్నాడు. "ఎలా అడగనక్కా? ఆడటం నేర్పిందీ నువ్వే. ఆడించడం కూడా నువ్వే నేర్పితే ఇక నేనెందుకు? మనింటి వెనక గోడలో విరిగిన ఇటుక గుర్తుందా? నువ్వు పదిసార్లు కొడితే పదిసార్లూ దానికే తగిలేది. నాకు ఒక్కసారి కూడా తగల్లేదు. కప్పు చేతికొచ్చినప్పుడల్లా నాకు ఆ ఇటుకే గుర్తొచ్చేది."

చూశావా చెల్లీ, నలభై ఏళ్ళుగా ఒకరిని చూసి ఒకరం ఏడ్చాం. మధ్యలో నువ్వు మా ఇద్దరినీ చూసి మురిసిపోయావు.

అక్క

బుధవారం

తమ్ముడూ,

రోజూ కనబడే మనిషికి ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా ఉంటే నోరు రాదు.

ఫైనల్ ముందు రోజు నువ్వు ఓడిపోవాలని దేవుణ్ణి అడిగాను. ఆ కుర్రాడి కాలి సంగతి తెలిసీ దాచాను. ఆ నిక్కరు అక్కడ ఆరేసింది నా చేతి అలవాటు, నేను కాదు. కాబట్టి గెలుపులో నాకు వాటా ఉందని ఎవరితోనూ అనకు. అతని కాలు దక్కించినందుకు పొద్దునా సాయంత్రం ప్రార్థనలో దేవుడికి కృతజ్ఞత చెప్పుకుంటున్నాను. నీకు మాత్రం ఈ ఒక్కసారే చెబుతున్నాను.

అసూయ పోయిందని రాస్తే అబద్ధమవుతుంది. నిన్న పేపర్లో నీ ఫొటో చూస్తే మళ్ళీ కళ్ళల్లో నిప్పులు పడ్డాయి. ఆ పేపరు మాత్రం సబ్బు డబ్బా కింద వెయ్యలేదు.

చిన్న దండెం ఇవాళ లోపలి గోడకి మార్చాను. తలుపు దగ్గర నిలబడి నీళ్ళు తాగితే కనబడదు. స్టూలు తుడిచిపెట్టాను. లోపలికొచ్చి, కూర్చుని, అడుగు.

అక్క