గుమ్మం మీద నక్కవుల్లి

లిమ్నాకి, క్రీట్ దక్షిణ తీరం
నవంబరు

మారిగో, నా బంగారు చెల్లీ,

మొన్న మొదటి వాన పడింది. ఎండాకాలమంతా మాడిపోయిన రాళ్ళ సందుల్లో పచ్చదనం తల ఎత్తింది. కత్తీ సంచీ తీసుకుని మన సముద్రపు వంపు చుట్టూ నడిచి వచ్చాను. రేవు పక్క ఇసుకలో తెల్ల లిల్లీల కాయలు పగిలి, బొగ్గుముక్కల్లాంటి గింజలు దొర్లుతున్నాయి. చిన్నప్పుడు వాటితోనే నువ్వు వంట చేసి నాకు వడ్డించేదానివి. ఇసుక దాటి రాళ్ళెక్కితే సందుల్లో ఉప్పుసోంపు ఆకు. కోసి వెనిగర్‌లో వేశాను, నీకో సీసా పంపుతాను. కొండవాలున పొదలు తడిసి ఉన్నాయి, గౌను అంచు తగిలితే చాలు, వాము వాసన ఘాటుగా లేస్తోంది. కూరకు కోసే చేదాకు ఇంకా లేతగా ఉంది. మెడ దగ్గర కోసి వేరు మట్టిలోనే వదిలాను, అమ్మ నేర్పినట్టే.

పైకి బాగానే రాస్తున్నాను కదూ? నిజానికి దారి పొడవునా నాతో నేనే మాట్లాడుకున్నాను. ఆకు కోతకు ఇద్దరు ఉండాలి మారిగో. ఒకరు వంగితే ఒకరు ముందు చూడాలి, ఒకరు తిడితే ఒకరు నవ్వాలి. నువ్వు పెళ్ళయి పిరయస్ వెళ్ళిపోయాక, ఇన్నేళ్ళూ నా పక్కన నడిచింది గోడవతల క్రిసాంథి. ఇప్పుడు మాకు మాటలు లేవు. ఎందుకో నీకు ఇంతవరకూ చెప్పలేదు.

ఏటా కొత్త సంవత్సరం పొద్దున దాని ఇంట్లో మొదటి అడుగు నాదే కదా. నక్కవుల్లి గడ్డ తవ్వి తెచ్చి, కుడికాలు లోపల పెట్టి, గుమ్మానికి వేలాడదీసేదాన్ని. మట్టీ నీళ్ళూ లేకపోయినా చిగుళ్ళు వేసే గడ్డ అది. ఇల్లు కూడా అలాగే నిలబడాలని. "నీ కాలు మంచిదే" అంటూ నా నోట్లో తేనె పిండివంట కుక్కేది. మా ఆయన యాకోవిస్ పోయాక వచ్చిన మొదటి కొత్త సంవత్సరానికి కూడా వెళ్ళాను, నల్లబట్టల్లోనే. తలుపు కొట్టాను.

"కాస్త ఆగవే ఎవ్దోకియా! మనవరాలు వస్తోంది, ముందు దాన్ని అడుగు పెట్టనీ. ఏమీ అనుకోకేం!" అంది లోపలినుంచి.

ఏమీ అనుకోకూడదట! విధవ కాలు కదా మరి. గడ్డ చంకలో పెట్టుకుని, దాని రసానికి చేతులు దురదపెడుతుంటే ఆ వాకిట్లో నిలబడ్డాను. తర్వాత ఇంటికొచ్చి దాన్ని మేకల కొట్టంలో ఓ మూలకు గిరాటేశాను. ఆ రోజు నా గుమ్మం ఎవరూ తొక్కలేదు. పొయ్యి మీద ఇద్దరికి సరిపడా కాఫీ పెట్టి, ఇద్దరి కాఫీ నేనే తాగాను.

ఇంకో కొత్త సంవత్సరం ఇక్కడ అలా గడపలేను. నీ వంటింటి పక్క గది ఖాళీగా ఉందన్నావు కదా. వస్తాను. ఆ రోజు రాకముందే పడవ ఎక్కుతాను.

నీ అక్క
ఎవ్దోకియా

లిమ్నాకి
డిసెంబరు

చెల్లీ,

దక్షిణపు గాలి పట్టుకుంది. పడవ ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. బట్టలు మూట కట్టేశాను. కొట్టం ఊడుస్తుంటే ఆ నక్కవుల్లి కనిపించింది. మట్టి లేదు, చుక్క నీరు లేదు, అయినా చీకట్లోనే పచ్చటి ఆకులు జానెడు పొడుగు వేసుకుని కూర్చుంది. పారేసినా చావదా ఇది అని కోపం వచ్చింది. బయట పడేయడానికి మాత్రం చెయ్యి రాలేదు.

చివరిసారిగా వంపు అంతా చూద్దామని నడిచాను. కొండకొన దగ్గర, నా చేదాకు చోట్లో వంగి ఉన్నదెవరనుకున్నావు? క్రిసాంథి! ఎవరి ఆకు చోటు వారిదని నీకు తెలుసుగా, కన్నకూతురికి కూడా చూపించరు. నన్ను చూసి కత్తి దాచలేదు సరికదా, ఎదురు ప్రశ్న వేసింది.

"వెళ్ళిపోతున్నావటగా?"

"ఎవరు చెప్పారు?"

"పోస్టు గుమాస్తా. వాడి చెవిన వేస్తే రేడియోలో చదివినట్టేగా."

"సరేలే. ఈ చోటు నాది. అయినా కోసుకో, ఇక నాకెందుకు?"

ఆ మాటకు దాని మొహం వాడిపోయింది. నెమ్మదిగా రాయి మీద కూలబడింది.

"పిల్ల కుడికాలే పెట్టిందే. గుమ్మంలో దానిమ్మపండు కూడా పగలగొట్టింది. ఏం ఒరిగింది? మేకలు రెండూ కొండమీంచి పడ్డాయి. బావి ఉప్పెక్కింది. నా మోకాలు పట్టేసింది. ఈసారి నువ్వు రావే."

"ఓహో! మేకలు చస్తేగానీ నేను గుర్తు రాలేదన్నమాట. నా కాలేమైనా పశువులకు వేసే మందా?"

"నల్లబట్టలు చూసి భయం వేసిందే. నీ మీద కోపం కాదు."

"నాకు భయం లేదనుకున్నావా?" అన్నాను. గబగబా ఇంటిదారి పట్టాను. వెనకనుంచి పిలుస్తూనే ఉంది, తిరిగి చూడలేదు. ఇంటికొచ్చి మూట ముడి ఇంకా గట్టిగా బిగించాను.

పడవ వచ్చిన రోజున బయలుదేరతాను.

ఎవ్దోకియా

లిమ్నాకి
జనవరి

మారిగో తల్లీ,

గాలి ఆగలేదు, పడవ రాలేదు. తప్పించుకోవాలనుకున్న రోజు నన్ను ఇక్కడే పట్టుకుంది.

పొద్దున్నే తలుపు దగ్గర గీకుడు వినిపించింది. ఏదో మేక అనుకున్నాను. తీసి చూస్తే వానలో నానిపోయి క్రిసాంథి. చంకలో మట్టి కొట్టుకున్న నక్కవుల్లి, దురదకు చేతులు రెండూ ఎర్రగా కందిపోయి ఉన్నాయి. ఆ మోకాలితో కొండ ఎలా ఎక్కిందో, ఎలా తవ్విందో!

"నువ్వు రావు కదా, నేనే వచ్చాను. అడ్డం లే. ఈ ఇంట్లో మొదటి అడుగు నాది."

కుడికాలు ఎత్తబోయింది. మోకాలు లేవలేదు. గుమ్మం పట్టుకుని మళ్ళీ ప్రయత్నించింది, తూలి ఎడమకాలు ధభీమని లోపల వేసింది. ఇద్దరం కిందికి చూశాం.

"అయ్యో నా ఖర్మ! ఎడమకాలు పడిందే!"

"బయటికెళ్ళి మళ్ళీ రా."

"వెళ్ళగలిగితే ఎడమకాలు ఎందుకు వేస్తానే? ముందు నన్ను పట్టుకో, పడిపోతున్నాను!"

పట్టుకున్నాను. దానికి నవ్వొచ్చింది, నాకూ వచ్చింది, తర్వాత ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఇద్దరికీ కాఫీ పెట్టాను. యాకోవిస్ పోయాక ఈ ఇంట్లో రెండో కప్పు ఖాళీ చేసిన మనిషి ఇదే. "పిల్లను ముందు రానిచ్చినందుకు కాదు, నిన్ను వాకిట్లో నిలబెట్టినందుకు నాకు నిద్ర పట్టలేదే" అంది. ఇంకో పిండివంట దాని పళ్ళెంలో వేశాను.

అది తెచ్చిన గడ్డ నా గుమ్మానికి కట్టాం. కొట్టంలోంచి నా పాత గడ్డ తీశాను, ఆకులతో సహా. దాన్ని ఓ చంకలో, క్రిసాంథిని ఇంకో చంకలో పట్టుకుని వాళ్ళింటికి నడిపించాను.

నిన్న పడవ వచ్చింది. అందులో ఈ ఉత్తరం, ఉప్పుసోంపు సీసా మాత్రమే వస్తున్నాయి. ఆ గదిలో నీ ఉల్లిపాయలు పోసుకో. రాత్రిళ్ళు ఇల్లు ఇప్పటికీ బావురుమంటుంది, నీతో అబద్ధమెందుకు? కానీ రేపు చేదాకుకి ఇద్దరం వెళ్తున్నాం. నేను వంగుతాను, అది రాయి మీద కూర్చుని తిడుతుంది.

అన్నట్టు, దాని గుమ్మం నల్లబట్టల్లోనే దాటాను. ఏ కాలు ముందు పెట్టానో ఇద్దరం చూసుకోలేదు.

నీ అక్క
ఎవ్దోకియా