నీటిగండం ఉన్నవాడి ఈత

అనకాపల్లి,
ఆదివారం మధ్యాహ్నం.

అమ్మకు,

నీ పాదాలకు, నాన్నగారి పాదాలకు నమస్కారాలు. ఇక్కడ ఐదుగురం బాగున్నాం. ఈ మాట అన్నిటికంటే ముందు రాస్తున్నాను, ఎందుకంటే నీ ఉత్తరం "అందరూ ప్రాణాలతో ఉన్నారా" అనే మొదలైంది. ఉన్నాం. రాజు కూడా ఉన్నాడు. ఇప్పుడే రెండోసారి అన్నం పెట్టించుకుని, మజ్జిగ పోసుకుని లేచాడు.

నాన్నగారి మోకాలు ఎలా ఉంది? కడపలో ఎండలు తగ్గాయా? ఇక్కడ ఎండ కంటే ఉక్క ఎక్కువ. మన ఊళ్లో చెమట పట్టేలోపే ఆరిపోయేది. ఇక్కడ పట్టిన చెమట పట్టినట్టే ఉంటుంది. నేను తెచ్చుకున్న పుస్తకాల అట్టలు మెత్తబడి వంగిపోతున్నాయి. బెల్లం బజారులో సరుకు పల్చబడింది, అందుకని ఆయన కొట్టు నుంచి పెందరాళే ఇంటికొస్తున్నారు. అయినా ఆయన చొక్కాల్లో బెల్లం వాసన పోదు. మొదట్లో ముక్కు మూసుకునేదాన్ని, ఇప్పుడు ఆ వాసన లేకపోతేనే ఆయన ఇంకా రాలేదని తెలుస్తుంది. చోడి అంబలి, అదే మన రాగుల అంబలి, అది కూడా అలవాటైంది. నా గురించి దిగులు పెట్టుకోకు.

ఫోను చెయ్యమన్నావు. చెయ్యను. బూతులో నిలబడితే నాకు మాట రాదు, అద్దం తలుపు బయట ఎవరో ఒకరు చూస్తూ ఉంటారు, అటువైపు నువ్వు ఏడుస్తావు. రాస్తే తప్ప నేను చెప్పగలిగింది ఏదీ లేదని నీకు తెలుసు.

నీ ఉత్తరం బుధవారం అందింది. "నీ కడుపున పుట్టినవాడైతే ఇలాగే సముద్రానికి తీసుకెళ్తావా" అని అడిగావు. "శనివారం ఉప్మాకలో మీ అత్తగారు చెప్పినట్టు ప్రమాణం చేసెయ్, పోయేదేముంది" అని కూడా రాశావు. అత్తయ్య నీకు ఫోనులో చెప్పింది నిజమే. కాని అది సగం. మిగతా సగం నేను చెప్తాను.

రాజు పుట్టినప్పుడు జాతకం రాసినాయన, పద్దెనిమిదేళ్లు నిండేదాకా నీటిగండం ఉందన్నాడట. అప్పట్నుంచీ ఈ ఇంట్లో నీళ్లంటే బకెట్టులో ఉండేవే. శారదా నది ఊరి పక్కనే పారుతుంది. వాడు దాన్ని బస్సు కిటికీలోంచి తప్ప చూడలేదు. వాళ్లమ్మ ఉన్నప్పుడూ అంతే, ఆవిడ పోయిన ఈ ఆరేళ్లూ అంతే. స్వాతికి ఏ గండమూ లేదు. అయినా అక్క దిగితే తమ్ముడూ దిగుతానంటాడని దాన్నీ దించలేదు. నేను వచ్చిన కొత్తలో స్వాతి నాతో అంది, "గండం ఆడిది పిన్నీ, జైలు నాకూను" అని.

వేసవి సెలవుల్లో ఈ ఇంటికి ఉన్నది ఒకటే ప్రయాణం, ఉప్మాక వెంకన్న దగ్గరికి. గుడి లేని చోటికి ఊరికే వెళ్లడం ఏమిటో అత్తయ్యకు అర్థం కాదు. మే నెలలో ఒకరోజు అన్నాల దగ్గర నేను పూడిమడక వెళ్దామన్నాను.

"అక్కడేటుందమ్మా, సేపలు తప్ప" అన్నారు అత్తయ్య.

"సముద్రం ఉంది కదా అత్తయ్యా."

"ఉంతాదిలే. ఎక్కడికెల్లిపోతాది. రెండేళ్లు పోనీ."

రెండేళ్లు ఆగలేవా అని నువ్వు కూడా రాశావు. ఆగలేనమ్మా. ఆగస్టులో స్వాతి కాకినాడ హాస్టలుకు వెళ్లిపోతుంది. రెండేళ్లు పోతే రాజు కూడా ఎక్కడికో వెళ్తాడు. వాళ్లిద్దరూ ఒక ఇంట్లో ఉండి, కొట్లాడుకుంటూ, నలుగురం కలిసి ఒక ఆటోలో ఎక్కే వేసవి ఇదొక్కటే మిగిలింది. పదిహేడేళ్లు, పదహారేళ్లు వచ్చిన పిల్లలు పిన్నితో కలిసి ఎక్కడికైనా వస్తామనడమే గొప్ప. ఆ మాట ఆయనకు చెప్పాను. ఆయన ఒక పూట ఆలోచించి, "ఒడ్డునే ఉంతామమ్మా" అని వాళ్లమ్మకు చెప్పి ఒప్పించారు. ఒడ్డు అంటే ఎక్కడిదాకా అన్నది తర్వాత నేను కొంచెం సాగదీశాను. అది నా తప్పు, రాసి పెట్టుకో. ఇంకో తప్పు కూడా ఉంది, అది అత్తయ్యకు తెలియదు.

షేర్ ఆటోలో పన్నెండు మందిమి వెళ్లాం. ఊరు దగ్గరపడగానే ఎండుచేపల వాసన వచ్చింది. ఇసుక మీద వలలు పరిచి చేపలు ఆరబోశారు. పడవలు ఒడ్డుకు లాగి ఉన్నాయి. సముద్రాన్ని అంత దగ్గరగా నేనూ చూడటం అదే మొదలు. నీలంగా లేదు. మన ఇంటి ముందు వానాకాలం పారే నీళ్ల రంగులో ఉంది, కాని దానికి అవతలి గట్టు లేదు. రాజు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఎవరో పిలుస్తారని చూస్తున్నవాడిలా నిలబడ్డాడు.

నేనే పిలిచాను. మోకాళ్లదాకా పదమన్నాను. వెళ్లాడు. అరగంట ఆడుకున్నారు. అలలు కాళ్లకు తగులుతుంటే స్వాతి వాణ్ణి తోస్తూ, వాడు స్వాతిని తోస్తూ. ఆయన ఇసుక మీద కూర్చుని బఠాణీలు తింటున్నారు. నా చేతిలో కెమెరా ఉంది. రాజు సముద్రం వైపు చూస్తున్నాడు, ముఖం కనబడటం లేదు. "రాజూ, ఇటు తిరుగు" అన్నాను.

తిరిగాడు. నవ్వాడు. నేను నొక్కాను.

సముద్రంలో మనిషిని నీళ్లే లాక్కుపోతాయనుకునేదాన్ని. అంతకంటే ముందే కాళ్ల కింద ఇసుక జారిపోతుందట. వెనక వస్తున్న అలను వాడు చూడలేదు. నేను కెమెరా గాజులోంచి వాడి ముఖం తప్ప ఇంకేమీ చూడటం లేదు. కెమెరా దించేసరికి అక్కడ రాజు లేడు.

ఆ తర్వాత జరిగింది లోటాడు నీళ్లు తాగేంతసేపు కూడా పట్టలేదు. బఠాణీల పొట్లం ఇసుక మీద పడింది. ఆయన చొక్కాతో, చేతి గడియారంతో పరిగెత్తి నీళ్లలోకి దూకారు. దూకి ఈదారు అమ్మా. రెండు బారలు వేసి రాజు చొక్కా అందుకుని, ఇంకో చేత్తో నీళ్లు కోస్తూ వచ్చేశారు. స్వాతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "నాన్నకి ఈత వచ్చా?" అంది. తమ్ముడు దగ్గుతున్నాడు, ఏడుస్తున్నాడు, ముక్కులోంచి నీళ్లు కారుతున్నాయి. అది మాత్రం తండ్రినే చూస్తోంది. పదిహేడేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆ మనిషికి ఈత వచ్చని ఆ పిల్లలకు తెలియదు.

చేపలు తిరగేస్తున్న ఒక ముసలావిడ మా దగ్గరికి వచ్చింది. రాజు వీపు మీద రెండు చరుపులు చరిచి, నా వైపు తిరిగింది. "సముద్రానికి ఈపు సూపిత్తారేటమ్మా? మీదే ఊరు?" అంది. కడప అని చెప్పాను. "అదీ సంగతి" అని వెళ్లిపోయింది.

నేను చేసిన రెండో తప్పు అదే. గండమూ కాదు, గ్రహమూ కాదు. వాణ్ణి నేను వెనక్కి తిప్పాను.

చొక్కాల మీద ఉప్పు చారలు చూసి అత్తయ్యకు సంగతి తెలిసిపోయింది. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంక నీళ్ల ఊసు ఉండదనుకున్నారు, నేనూ అదే అనుకున్నాను. కాని ఆ వచ్చే ఆదివారం ఆయన పొద్దున్నే లేచి, "ఒరే, నిక్కరేసుకో. కశింకోట ఎల్దాం" అన్నారు. అక్కడ వాళ్ల మేనమామ చెరకు తోటలో మెట్లున్న పెద్ద నుయ్యి ఉంది. ఆయన చిన్నప్పుడు ఈత నేర్చుకున్నది అందులోనేనట. రాజు వీపుకు రెండు ఖాళీ డబ్బాలు కట్టి దించారు. స్వాతి ఏమీ కట్టించుకోకుండా దిగింది.

ఆ వచ్చే ఆదివారం నేనూ దిగాను. అవును, నేనే. చుట్టూ చెరకు, నూతిలో మేం నలుగురం తప్ప ఎవరూ లేరు. మూడో మెట్టు దాటగానే మునిగాను. స్వాతి నా గడ్డం కింద చెయ్యి పెట్టింది. "తల పైకెట్టు పిన్నీ. పుస్తకం సదువుతున్నట్టు కిందకి సూత్తావేటి" అంది. ఎవరి చేతిలోనైనా నేను అంత నిశ్చింతగా పడుకుని చాలా కాలమైంది.

మూడో ఆదివారానికి ఎవరో నూతి సంగతి అత్తయ్య చెవిన వేశారు. అప్పుడే నీకు ఫోను చేశారు. ఉప్మాకలో నేను ప్రమాణం చెయ్యాలన్నదీ అప్పుడే.

నిన్న ఉప్మాక వెళ్లాం. కొండ కింద మెట్ల దగ్గర అత్తయ్య తమలపాకు మీద కర్పూరం పెట్టి వెలిగించారు. "దీని మీద సెయ్యెట్టి సెప్పమ్మా, ఇంక పిల్లల్ని నీళ్ల దగ్గరికి తీసుకెల్లనని" అన్నారు. మెట్లెక్కేవాళ్లు ఇద్దరు ముగ్గురు ఆగి చూస్తున్నారు. నా సంగతి నీకు తెలుసు కదా. స్కూల్లో హాజరు పలకడానికి కూడా నా గొంతు లేచేది కాదు, సిస్టర్ రెండుసార్లు పిలిచేది. కర్పూరం సగం కాలేదాకా అలాగే నిలబడ్డాను.

"చెయ్యను అత్తయ్యా" అన్నాను.

"ఏటీ?"

"ప్రమాణం చెయ్యను. మళ్లీ తీసుకెళ్తాను. దేవుడి దగ్గర నిలబడి తీసుకెళ్లనని ఎలా చెప్పను?"

అత్తయ్య ఆయన వైపు తిరిగారు. "ఇన్నావేట్రా? నువ్వయినా సెప్పు."

ఆయన చెప్పులు విప్పి పక్కన పెట్టారు. "నాకు ఈత నేర్పించమని మావయ్యకి అప్పజెప్పింది నువ్వే కదే అమ్మా."

"నీకు గండం నేదు."

"గండం ఉన్నోడికే కదే మామ్మా ఈత రావాల" అన్నాడు రాజు.

అత్తయ్య ఏదో అనబోయారు. ఈలోగా స్వాతి, "మామ్మా, ఆకు కాలతంది" అంది. కర్పూరం అయిపోయి తమలపాకు అంచు నల్లబడింది. ఎవరి చెయ్యీ దాని మీద పడలేదు.

"దేవుడు సూత్తన్నాడు" అన్నారు అత్తయ్య.

"చూడనీండి అత్తయ్యా" అన్నాను. అది నా గొంతేనా అని నాకే అనుమానం వచ్చింది. మెట్లెక్కుతూ ఆవిడ మోచెయ్యి పట్టుకోబోతే విదిలించుకున్నారు. స్వాతి భుజం పట్టుకుని ఎక్కారు. దేవుడికి నేను దణ్ణం పెట్టాను, ప్రసాదం కళ్లకద్దుకుని తిన్నాను. ఆ స్వామితో నాకేమీ గొడవ లేదు.

ఈ ఉదయం కశింకోట బయలుదేరుతుంటే అత్తయ్య ముందే ఆటోలో కూర్చుని ఉన్నారు. ఒళ్లో మా పెరటి నూతి చేంతాడు. నూతి దగ్గర దిగాక రాజును పిలిచి, తాడు నడుముకు మూడు ముళ్లు వేసి కట్టారు.

"ఆవుని కట్టినట్టు కట్టేవేటే మామ్మా" అన్నాడు వాడు.

"ఆవుకయితే బుద్దుంతాది" అన్నారు.

రెండో కొస చేతికి రెండు చుట్లు చుట్టుకుని గట్టు మీద కూర్చున్నారు. డబ్బాలు లేకుండా రాజు ఈ గోడ నుంచి ఆ గోడకు ఈది, మళ్లీ వచ్చాడు. అంత దూరం ఆగకుండా ఈదడం ఇదే మొదలు. వాడు ఎటు వెళ్తే అటు తాడు వదులుతూ, బిగిస్తూ అత్తయ్య గట్టు మీదే జరుగుతున్నారు. పెదవులు కదులుతున్నాయి, గోవింద నామాలో తిట్లో నాకు వినబడలేదు.

వాడు పైకొచ్చాక ముళ్లు విప్పారు. నేను మెట్ల వైపు వెళ్తున్నాను.

"ఇటు రా" అన్నారు నాతో. నిన్నటి నుంచీ నాతో అన్న మొదటి మాట. దగ్గరికి వెళ్తే ఆ తడితాడే నా నడుముకు కట్టారు. వాడికి మూడు ముళ్లు, నాకు నాలుగు. "నీకేటయినా అయితే మీ అమ్మకి నేనేటి సెప్పాల" అన్నారు, నా ముఖం చూడకుండా.

ఇది రాజీ అనుకోకు. ఇంటికొచ్చాక మళ్లీ మాట్లాడలేదు. పులుసులో ఉప్పు ఎక్కువైందని మాత్రం గోడకు చెప్పారు. కాని ఇది రాస్తుంటే నా నడుము మీద తాడు ఒరుసుకున్న చోట మండుతోంది, ఆ మంట నాకు బాగుంది.

ఇక చిన్న చిన్న సంగతులు. నా ట్రంకుపెట్టె అడుగున ముదురు నీలం పంజాబీ డ్రెస్సు ఉంటుంది, పంపించు. చీరతో నూతిలో దిగడం కష్టంగా ఉంది. చెనక్కాయల పొడి కూడా కొంచెం పంపు. పిల్లలకు నచ్చింది. అత్తయ్య కూడా తింటారు, నేను వంటింట్లో లేనప్పుడు. దసరాకు స్వాతి సెలవులకు వస్తుంది. అప్పుడు ఏజెన్సీ కొండలు ఎక్కాలని పిల్లలు లెక్కలు వేస్తున్నారు. నాన్నగారి మోకాలు బాగుంటే మీరిద్దరూ కూడా రండి. అక్కడ కూడా గుడి కోసం వెళ్లడం లేదని ఇప్పుడే చెప్తున్నాను.

ఫోటో ఇందులో పెట్టాను. చింపెయ్యమన్నారు అత్తయ్య, నేను చింపలేదు. ఇందులో రాజు నవ్వుతున్నాడు. వాడి భుజం వెనక నుంచి లేస్తున్నది అల. దాన్ని చూసి ఏడవకు. ఇప్పుడు వాడికి అది ఎటునుంచి వస్తుందో తెలుసు.

నీ ప్రశ్నకు జవాబు ఇంకా రాయలేదు కదా. నా కడుపున పుట్టినవాడైతే ఐదో ఏటే నూతిలోకి దించేదాన్ని. నాకు దొరికేసరికి పదహారేళ్లు వచ్చాయి. పదకొండేళ్లు ఆలస్యమైంది, అంతే.

నాన్నగారికి, పక్కింటి పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పు. నన్ను దీవించేటప్పుడు ప్రతిసారీ జాగ్రత్త అని రాస్తావు. ఈసారి ఆ మాట తీసేసి ఇంకేదైనా రాయి.

నీ కూతురు,
స్వాతికీ రాజుకూ పిన్ని,
భారతి