మబ్బులో నానిన ధూళి

అమ్మా, నేను కులాసా. దగ్గు పూర్తిగా తగ్గింది. ఆ దగ్గు వల్లే కాలేజీ వాళ్లతో కొండకు వెళ్లొద్దని నాన్న అన్నారు కదా, నా బదులు నా గదిలో ఉండే అమ్మాయి పైకెక్కి మబ్బులోని ధూళిని పెట్టెలో పట్టుకొచ్చింది. కింద నేను పట్టినవి గరుకు నలుసులు. ఆమెవి నీటిబొట్టులో నాని, మబ్బులో కలిసిన పొగలోని వాయువును కలుపుకుని, బొట్టు ఆరాక గుండ్రంగా, బొద్దుగా మిగిలాయి. బొద్దు అనే మాట వాటికోసమే పుట్టిందేమో! మా సైన్సు మేడం మైక్రోస్కోపులో తీసిన వాటి ఫోటోను గోడకు అంటించారు. నాకు ఒళ్లు మండిపోయింది. పైగా ఆ అమ్మాయి, "నీ అక్షరాలు ముత్యాలే, ఈ పెట్టె మీద నా పేరు రాసిపెట్టవే" అంది! పళ్లు కొరుకుతూ రాశాను.

పదో తారీఖున మళ్లీ కొండకు వెళ్తున్నారు. అనుమతి పత్రం మీద నాన్న చేత సంతకం చేయించి వెంటనే పంపు. నా స్వెట్టర్ తమ్ముడు సాగదీశాడా? వాడికి ముద్దులు, నాన్నకు నమస్కారాలు. ఈసారి పెట్టె మీద నా పేరే రాసుకోవాలమ్మా.

నీ పెద్దమ్మాయి