మా మెట్లు ఏ వైపు

గురజాల, శనివారం రాత్రి, 1957

వాక్యం చెప్పేవాడా, నిన్ను నువ్వే అడుక్కో: నీళ్లకు కులం లేదని నువ్వు నిజంగా నమ్ముతున్నావా?

సువార్త సభలకని కొలంబో వెళ్లినప్పుడు, రోజూ ఈదనిదే ఉండలేక, కనపడినవాళ్లనల్లా అడిగి ఒక ఈతకొలను కనుక్కున్నాను. అక్కడి కాపలా అరవాయనను, "అయ్యా, మా పేటవాళ్లు దిగే మెట్లు ఏ వైపు?" అన్నాను. ఆయన వచ్చీరాని తెలుగులో, "ఈత వస్తే లోతు వైపు, రాకుంటే ఈ వైపు" అని నవ్వాడు. ఆ చివరకూ ఈ చివరకూ అలుపొచ్చేదాకా ఈదాను. ఇది తమ్ముడు యేసోబుకు చెప్పాలని ఎంత ఆత్రపడ్డానో.

ఇవాళ ఇల్లు చేరితే వాడు లేడు. ఊరి దిగుడుబావికి మమ్మల్ని రానివ్వరు గనక ఈతకని నీళ్లు నిండిన పాత నాపరాళ్ల గుంటలో దూకాడట. రాళ్ల సందున కాలు ఇరుక్కుందట. నేను దారిలో ఉండగానే సమాధి చేశారు.

అమ్మది ఒకటే మాట. "చానా బాగా ఈదేవాడు గదరా. ఆ బావికైతే మెట్లుండాయి గదరా."

ఆదిలో దేవుని ఆత్మ నీళ్ల మీదనే అల్లాడింది. అప్పటికి మనిషే లేడు, కులమెక్కడిది? బైబిలు తెరిచాను గానీ అక్షరం ఆనడం లేదు.

ఇక మూసెయ్. ఈ రాత్రే పోయి మునసబు తలుపు కొట్టు. తెల్లారేసరికి మన పేట పిల్లలు ఆ మెట్లు దిగాలి. లే.