నిమ్మకాయ తీగకు కట్టిన గూడు

కాసిడీహ్, జంషెడ్‌పూర్

అక్కకి,

ఈ ఉదయం తలుపు తీసేసరికి గూటి కంతలో ముక్కు కనిపించలేదు. నెల రోజులుగా రోజూ కనిపించేది. ముందు తల్లిది, తర్వాత పిల్లలవి. ఈ రోజు గూడు గాలికి తేలిగ్గా ఊగుతోంది, బియ్యం ఒలకబోసిన సంచిలాగా.

ఆ సంగతి చెప్పేముందు అడగవలసినవి అడుగుతాను. అమ్మ మోకాలు ఎలా ఉంది? నూనె రాస్తోందా, రాశానని చెబుతోందా? నీ కుట్టుమిషను బాగైందా? మేమందరం ఇక్కడ బాగున్నాం. నిజంగానే బాగున్నాం. నీ మరిది కాలు కూడా నయమైంది. కాలు సంగతి ఫోన్‌లో సగమే చెప్పాను. ఫోన్‌లో నాకు మాటలు రావని నీకు తెలుసు. మిగతా సగం ఇది.

మా ఇంటి ముందు చిన్న వరండా, దాని ముందు చారెడు తోట. రెండు మందారాలు, ఒక కరివేపాకు, గోడ మీద నారింజ రంగు గొట్టం పూల తీగ. వరండా దూలానికి ఒక ఇనుప తీగ, దానికి ఒక నిమ్మకాయ, ఏడు మిరపకాయలు వేలాడుతూ ఉంటాయి, దిష్టికి. అది అత్తయ్య పని. ప్రతి శనివారం పాతది తీసి, మూడు దారులు కలిసేచోట పడేసి, వెనక్కి చూడకుండా వచ్చి కొత్తది కడుతుంది. మామయ్యగారు ఉక్కు ఫ్యాక్టరీలో పనికి వెళ్లి తిరిగి రాని వారం ఆ తీగ ఖాళీగా ఉందట. ఇప్పుడు కొడుకు అదే పనికి వెళుతున్నాడు.

మాఘమాసం చివర అత్తయ్య కూతురి పురిటికి ఖరగ్‌పూర్ వెళ్లింది. రిక్షా ఎక్కి ఒకటే చెప్పింది.

"అమ్మీ, అన్నం మాడ్సినా పర్లేదు. శనివారం నిమ్మకాయి మాత్రం మర్సిపోకు."

మొదటి శనివారమే మరచిపోయాను. పుస్తకం చదువుతూ మరచిపోయాను, వేరే కారణం లేదు. రెండో శనివారం గుర్తుపెట్టుకుని, కొత్తవి పళ్లెంలో పెట్టుకుని, ముక్కాలిపీట ఎక్కాను. ఎండిన మిరపకాయల చుట్టూ బూజు పట్టినట్టుంది. దులపబోయి ఆగాను. అది బూజు కాదు. సాలెగూటి దారం తెచ్చి ఎవరో శ్రద్ధగా చుట్టారు. మందారం మీద నుంచి ఒక పిట్ట నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

తేనెపిట్ట. మన బడిలో సిస్టర్ గారి లావు పుస్తకంలో హమ్మింగ్‌బర్డ్ బొమ్మ చూసి, మన దొడ్లో తిరిగేది అదేనని నువ్వు పందెం కాశావు, గుర్తుందా? నువ్వు ఓడిపోయావు. హమ్మింగ్‌బర్డ్ మన దేశంలో ఉండదు. దాని గూడు చిన్న గిన్నెలా కొమ్మ మీద కూర్చుంటుంది, దీనిది సంచిలా వేలాడుతుంది. కానీ రెండూ సాలెగూటి దారంతోనే కడతాయి. రెండూ మనుషుల తోటల్లోకి వచ్చేస్తాయి. రెండింటిలోనూ కట్టేది ఆడపిట్టే.

ఇది రోజుకి ఎన్నిసార్లు తిరిగేదో లెక్కలేదు. ఎండుగడ్డి, బెరడు పెచ్చులు, గొంగళిపురుగు రెట్ట, ఒకరోజు నా నోటుబుక్కు నుంచి చిరిగిన కాగితం ముక్క. లోపల బూరుగు దూది పరిచింది. కంత మీద వానకి చిన్న చూరు దించింది. మగపిట్ట నల్లగా, ఎండ పడితే నీలంగా మెరుస్తూ, గోడ మీద కూర్చుని పాడేది.

నేను నిమ్మకాయ మార్చలేదు. ఆ మంగళవారమే ఆయన కాలి మీద ఇనుప పలక జారింది. బూటు ఉండబట్టి రెండు వేళ్లు విరగడంతో పోయింది.

మూడో శనివారం కూడా మార్చలేదు. ఆ తర్వాతి శుక్రవారం అత్తయ్య రైలు దిగి వచ్చి, సంచీ కింద పెట్టకుండానే దూలం వైపు చూసింది.

"ఏటే ఇది?"

"గూడు అత్తయ్యా."

"గూడని కనిపిత్తంది. నిమ్మకాయేదీ?"

"గూటి లోపలుంది."

"ఎన్ని శనివారాలు?"

"మూడు."

ఆమె మంచం మీద కట్టుతో ఉన్న కాలు చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "రేపు తీసెత్తాను," అని మాత్రం అంది.

"అమ్మా, రెహనే దో నా. చిడియా హై," అని ఆయన మంచం మీద నుంచి నవ్వుతూ బతిమాలారు, పిట్టే కదా ఉండనివ్వమని. తల్లి తెలుగులో తిడితే కొడుకు హిందీలో జవాబిస్తాడు. ఇక్కడ మనవాళ్ల ఇళ్లన్నీ అంతే.

"నోర్ముయ్. మీ బాబూ ఇలగే నవ్వీవోడు."

శనివారం పొద్దున్నే ఆమె పళ్లెం, కత్తెర పట్టుకుని వచ్చింది. నేను ముక్కాలిపీటకి అడ్డంగా నిలబడ్డాను. ఈ ఇంటికి వచ్చిన ఏడు నెలల్లో నేను ఒకేసారి అన్ని మాటలు మాట్లాడలేదు.

"అత్తయ్యా, లోపల రెండు గుడ్లున్నాయి. అద్దం పెట్టి చూశాను. మొదటిసారి మరచిపోయాను, తర్వాత తెలిసే మార్చలేదు. కోపం నా మీద పెట్టుకోండి. దాన్ని నెల్లాళ్లు ఉండనివ్వండి."

"నాకు కోపం కాదే," అంది అత్తయ్య. "బయం."

పక్కకి జరిగాను. ఆమె పీట ఎక్కింది. పిట్ట లోపలే ఉంది. కంతలోంచి ముక్కు బయటపెట్టి చూస్తోంది, ఎగిరిపోలేదు. కత్తెర అంత దగ్గరికి వచ్చినా ఎగరలేదు. అత్తయ్య కత్తెర దించింది.

"దీని మొగుడేడీ?"

"గోడ మీద పాడుతున్నాడు."

"ఒక్క పుల్లైనా తెచ్చినాడా?"

"నేను చూడలేదు."

"ఆఁ. తేడు." దిగి, కత్తెర నా చేతిలో పెట్టింది. "ఆ మూలని మేకు కొట్టు. కొత్తది అక్కడ కడతాను. దీన్నెవులూ ముట్టుకోకండి."

నేను మేకు కంటే బొటనవేలినే ఎక్కువసార్లు కొట్టుకున్నాను. "కాన్వెంటులో ఇది నేర్పనేదేటి?" అని ఆమె నవ్వింది. ఈ ఇంట్లో నన్ను చూసి ఎవరైనా నవ్వితే నాకు సంతోషం కలగడం అదే మొదలు.

అప్పటినుంచి ఆ గూడు అత్తయ్యదైపోయింది. మధ్యాహ్నం గాలిదుమారం లేస్తే తన పాత చీర వరండాకి అడ్డం కట్టింది. పిల్లలు పుట్టిన రోజు ఉప్పు తిప్పి దిష్టి తీసింది, ముందు కొడుక్కి, తర్వాత గూటికి. మగపిట్ట మొదటిసారి పురుగు తెచ్చినప్పుడు, "ఇప్పుడొచ్చినాడమ్మా దొర," అంది.

నీకు బెంగగా ఉంటుందని ఇదివరకు రాయలేదు గానీ, ఇక్కడ మధ్యాహ్నాలు చాలా పొడుగ్గా ఉండేవి. హిందీ రాక కూరల బజారులో వేలితో చూపించి కొనేదాన్ని. ఇప్పుడు భోజనాలయ్యాక మేమిద్దరం వరండాలో కూర్చుంటాం. ఆమె చింతపండు గింజలు తీస్తుంది, నేను పుస్తకం పైకి చదువుతాను. కథలో ఎవరైనా ఆలస్యంగా వస్తే వాళ్లని తిడుతుంది. ఎండలు ముదిరాయి. కుండ నీళ్లు తాగుతున్నాం. నేను సరిగ్గా తింటున్నాను, అమ్మకి చెప్పు.

నిన్న ఒక పిల్ల ఎగిరింది. ఈ ఉదయం రెండోది. తల్లి మందారం మీద నుంచి పిలుస్తూ ఉంటే అది కరివేపాకు కొమ్మ మీద తోక లేకుండా కూర్చుని వణుకుతోంది. నేను టీ పెట్టి వచ్చేసరికి గోడ దాటింది. గూడు తీసేయనా అని అడిగాను. "ఉండనీయే. మళ్లీ వత్తాదేమో," అంది అత్తయ్య.

ఎవరైనా ఇటువైపు వస్తుంటే అమ్మ పెట్టిన మాగాయ ఒక చిన్న సీసా, నా నీలం అట్ట డిక్షనరీ పంపించు. మాగాయ అత్తయ్యకే. ఆమె అడగలేదు, కానీ మన ఊరి మాగాయ గురించి రెండుసార్లు మాట్లాడింది. అమ్మకీ నాన్నకీ నా నమస్కారాలు. మా ముగ్గురినీ తలుచుకుని దీవించమను. నువ్వు చిన్న ఉత్తరమైనా రాయి. నీ చేతిరాత చూసి చాలా రోజులైంది.

ఐదు వారాల తర్వాత ఆయన ఈ రోజు మళ్లీ డ్యూటీకి వెళ్లారు. గేటు దాటాక నేను ముక్కాలిపీట వేసుకుని, కొత్త మేకుకి, ఉన్నదాని పక్కనే, ఇంకో నిమ్మకాయ, ఏడు మిరపకాయలు కట్టాను. అత్తయ్య చెప్పలేదు. ఈ రోజు శనివారం కూడా కాదు.

నీ చెల్లెలు,
సుధ