తాళం వేసిన దారి

పూజ్యురాలైన అమ్మగారి పాదపద్మములకు నమస్కరించి పుత్రరత్నము వ్రాయునది. ఇక్కడ నేను, నా దుప్పటి, గోడ మీది బల్లి, ముగ్గురమూ కులాసా. అక్కడ నువ్వూ, నీ తరగతి పిల్లలూ, వాళ్లను బెదిరించే నీ స్కేలూ కులాసా అని తలుస్తాను.

ఇక నీ ప్రశ్నలకు జవాబులు. వేళకు తింటున్నాను, సాక్ష్యం కావాలంటే నా బెల్టును అడుగు. జుట్టు కత్తిరించుకున్నాను. ఇప్పుడు చూస్తే మంచి కుటుంబంలోంచి వచ్చినవాడిననే అనుకుంటారు.

అక్కడ మన ఇంట్లో నా గదిలో కంప్యూటర్ పగలూ రాత్రీ గుర్రుమంటోందనీ, కరెంటు దండగ కాబట్టి ఆపేస్తాననీ రాశావు. దుమ్ము పడకుండా తువ్వాలు కూడా కప్పావట. ముందు ఆ తువ్వాలు తియ్యి తల్లీ, దానికి ఊపిరాడదు. తర్వాత ఆపెయ్యి. దానితో పని అయిపోయింది. ఇన్నాళ్లూ దానితో ఏం పనో ఇప్పుడు చెప్పక తప్పదు.

నా ఉద్యోగం నీకు తెలిసిందే. వాషింగ్ మెషీన్ పాడైనవాళ్లు ఫోన్ చేసి తిడతారు, నేను వినయంగా తిట్లు తింటాను. మా సెల్‌ఫోన్లు గుమ్మం దగ్గరి పెట్టెలో పెట్టి లోపలికి వెళ్లాలి. ఆఫీసు కంప్యూటర్‌లో మేమేం చూసినా నెట్‌వర్క్ చూసే ఆయనకు తెలిసిపోతుంది. ఆయన్ని మేం గద్ద అంటాం. అందుకని నేనొక దారి వేసుకున్నాను. నేను ఏ పేజీ అడిగినా ఆ మాట తాళం వేసుకుని మన ఇంటి కంప్యూటర్‌కు వస్తుంది. అది లోకంలోకి వెళ్లి పేజీ తెచ్చి, మళ్లీ తాళం వేసి నాకు పంపుతుంది. గద్దకు తాళం తప్ప ఏమీ కనబడదు. నన్ను ఇంజనీరింగ్ చదివించినందుకు నీకు దక్కిన ఫలితం ఇదీ.

పోయిన వారం గద్ద వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు.

"నువ్వేం చూస్తున్నావో నాకు తెలీదు బాబూ. కానీ పొద్దస్తమానం ఒకే ఇంటికి వెళ్లొస్తున్నావు. ఎవరిదా ఇల్లు?"

"మా అమ్మదండి."

"అమ్మతో అంత రహస్యమేంటయ్యా?"

"రహస్యం అమ్మక్కూడా తెలీదండి."

నవ్వాడు గానీ వదల్లేదు. "కస్టమర్ల నంబర్లు నువ్వు బయటికి పంపుతున్నావని పైవాళ్ల అనుమానం. ఏం చదివావో చూపించు. లేకపోతే దొంగవైపోతావు."

మేనేజర్ గదిలో నిలబెట్టారు. ఏం చెప్పాలా అని మాటలు వెతుక్కుంటుంటే, ఎదురుగా గద్ద నా వెనక్కి సైగ చేస్తున్నాడు. తిరిగి చూశాను. మేనేజర్ మేడమ్ నా కుడి భుజం దగ్గరే నిలబడి ఉన్నారు. ఎంతసేపటి నుంచి పిలుస్తున్నారో.

అమ్మా, నా కుడి చెవి పోయింది. ఎడమది కూడా మెల్లగా పోతోంది. లోపలి నరం పాడైందనీ, చెవి మిషన్ పెట్టుకుంటే ఎదుటివాళ్ల మాట కొన్నాళ్లు దక్కుతుందనీ డాక్టర్ అన్నాడు. చెవి మాత్రం దక్కదట. దొంగచాటుగా నేను చదివిందంతా దాని గురించే. గదికొచ్చాక చదువుకోవచ్చు కదా అంటావు. భయం వేసేది సీట్లోనే అమ్మా, ఫోన్‌లో ఎవరిదో ఒక మాట జారిపోయినప్పుడల్లా.

చదివిన పేజీలన్నీ వాళ్ల ముందు తెరిచాను. గద్ద నాలుగు పేజీలు చూసి, ఇక చాల్లే అన్నాడు. నేను దొంగను కానని తేలింది. ఫోన్లు తీయడానికి పనికిరానని కూడా తేలింది. వేరే సీటు లేదన్నారు. మేడమ్ ఆ మాట నా ఎడమ వైపుకొచ్చి చెప్పారు.

నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంది. చివరి బెంచీ దాకా వినపడే నీ గొంతు నాకే అందలేదు. పోయినసారి నువ్వేదో అడిగితే సరే అన్నాను. దేనికి సరే అన్నానో ఇప్పటికీ తెలీదు. పెళ్లికైతే మాత్రం కాస్త ఆగు.

ఆదివారం వస్తున్నాను. నన్ను తిట్టాలనుకుంటే నువ్వు స్టవ్ వైపు తిరిగి, గరిటె తిప్పుకుంటూ తిడతావు. ఈసారి స్టవ్ ఆపి నా ఎదురుగా కూర్చో. దీపం కిందికి రా. మెల్లగా, ఒక్కొక్క మాటా తిట్టు. నీ పెదవులు చూసి నేను నేర్చుకోవాలి.

ఇట్లు,
నీ కొడుకు
చంటి